చాప పక్కన కర్రిది

(విజయనగరంలో ఉదయపు నడక మిత్రులు ఏర్పాటు చేసిన సభలో ఒక యోగా టీచర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడిచొచ్చి, చెమట ఆరకుండానే కుర్చీల్లో కూర్చున్నారు. టిఫిన్ నా ప్రసంగం అయ్యాకే పెడతారట, కాబట్టి మధ్యలో ఎవరూ లేచి వెళ్లరన్న ధైర్యం నాకుంది. (నవ్వులు) ఇందాక పరిచయం చేసిన మాస్టారు నన్ను యోగిని అన్నారు. అంత మాట వద్దు మాస్టారూ. నేను యోగా టీచర్ని. పొద్దున రెండు బ్యాచులు, సాయంత్రం ఒకటి, మధ్యలో ఇంటిపని, వీధిలో కుక్కలకి పెరుగన్నం. ఇదీ నా బయోడేటా.

నన్ను పిలిచిన పెద్దాయన ఫోన్లో రెండు పనులు అప్పజెప్పారు. యోగా టీచర్ బతుకు ఎలా ఉంటుంది, శిబిరాలు ఎలా నడుపుతారు, మీకు స్ఫూర్తి ఎవరు, ఇవన్నీ చెప్పమన్నారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "అమ్మా, మీరు కుక్కల్ని చేరదీస్తారట కదా, మావాళ్లకి వాటితోనే పెద్ద టెన్షన్. ఆ ముక్క కూడా చెప్పండి" అన్నారు. ఆ గోడకి చేరేసిన కర్రలు ఇక్కణ్ణుంచి నాకు కనిపిస్తున్నాయి. అవి మోకాళ్ల నొప్పుల కోసం తెచ్చుకున్నవి కావని నాకు తెలుసు. (నవ్వులు)

ముందు బతుకుతెరువు సంగతి. జనవరి ఒకటిన హాలు నిండిపోతుంది. సంక్రాంతి పిండివంటలు అయ్యేసరికి సగం మంది ఉంటారు. మార్చిలో పిల్లల పరీక్షలని తల్లులు మానేస్తారు. కార్తీకంలో తెల్లవారుజామున స్నానాలకి లేచిన ఊపులో కొందరు క్లాసుకీ వచ్చేస్తారు, అది మాకు మంచి నెల. పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఉన్న వారం క్లాసు పెట్టినా ఎవరూ రారు. నేనూ రాను. ఇక జూన్ వచ్చిందంటే యోగా టీచర్‌కి మామిడిపండుకి ఉన్నంత గిరాకీ. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానం చేసింది, 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం. మొన్న 2025లో అయితే విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి మన భోగాపురం వైపు దారి పొడవునా చాపలే. 3 లక్షల మందికి పైగా ఒకేసారి చేశారు. మంచిదే, నేను కాదనను. కానీ జూన్ 22న నా క్లాసుకి ఎవరొస్తారన్నదే నాకు లెక్క. ఆ రోజు వచ్చేవాళ్లు మాత్రం నిలబడతారు.

ఫీజు దగ్గర బేరాలు సరేసరి. "రోజు విడిచి రోజు వస్తాను, సగం తీసుకోండి" అంటారు. దానికి అలవాటు పడిపోయాను. అలవాటు పడలేనిది ఒకటుంది: "మేడమ్, మీ దగ్గర చేరితే షుగర్ మాత్రలు మానేయొచ్చా?" ఆ మాట వినగానే మీ డాక్టర్‌ని అడగండి అంటాను. మాత్ర రాసింది నేను కాదు, ఆపే హక్కూ నాది కాదు. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లకీ, కంట్లో గ్లకోమా ఉన్నవాళ్లకీ నేను శీర్షాసనం చేయించను. హెర్నియా ఉన్నవాళ్లకి కపాలభాతి చెప్పను. వీడియోల్లో చూసొచ్చి, "అది రాని మీరేం టీచరండీ" అని వెళ్లిపోయినవాళ్లున్నారు. వెళ్లనీ.

నాకు పాఠం చెప్పిన గురువుగారిది తిరుమలై కృష్ణమాచార్య గారి పరంపర. కృష్ణమాచార్యులు 1888లో పుట్టి 1989లో పోయారు, నిండు నూరేళ్ల మనిషి. 1930ల్లో మైసూరు మహారాజు అండతో యోగశాల నడిపారు. ఇవాళ ప్రపంచంలో ఎవరు ఏ చాప మీద నిలబడినా, మూలం వెతుక్కుంటూ పోతే చాలాసార్లు ఆ గుమ్మం దగ్గరే తేలుతుంది. బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి ముగ్గురూ ఆయన శిష్యులే. ఇంద్రాదేవిని మొదట చేర్చుకోనన్నారు, పరదేశం మనిషి, పైగా ఆడమనిషి అని. మహారాజు చెప్పాక చేర్చుకున్నారు. ఆవిడ 1947లో హాలీవుడ్ వెళ్లి బడి తెరిచింది. అయ్యంగార్ చిన్నతనంలో క్షయతో నీరసించిపోయిన పిల్లవాడు. అందుకేనేమో కుర్చీలు, బెల్టులు, చెక్క ఇటుకలు పెట్టి ఎంత బిగుసుకుపోయిన ఒంటికైనా దారి చూపించారు. ఒకే గురువు, ముగ్గురి పద్ధతులూ చూస్తే అసలు పోలికే ఉండదు. వచ్చిన మనిషిని బట్టి పాఠం మార్చడం ఆయన పద్ధతి. అంటే ముందు ఆ మనిషిని చూడాలి. మా గురువుగారు మొదటి రోజు నాకు ఏ ఆసనమూ నేర్పలేదు. మూల కూర్చోబెట్టి, "అదిగో ఆవిడ, ఎక్కడ ఊపిరి బిగబడుతోందో చూడు" అన్నారు. అంతే. ఆ చూడడం నాకు చాలాకాలం పట్టుబడలేదు. దాన్ని నేర్పింది ఎవరో కాసేపట్లో చెబుతాను.

స్ఫూర్తి అంటే మైసూరు దాకా పోనక్కర్లేదు కూడా. వీరఘట్టంలో పుట్టి మన ఊళ్లో పెరిగిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు లేరూ! శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. గుండెల మీదికి ఏనుగుని ఎక్కించుకున్నారు, ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి నింపి తెంచేశారు. శాకాహారి. ప్రాణాయామం ఆయన బలానికి పునాది. మా తాతగారి తరం ఆయన కథలు చెబుతుంటే ఏనుగు దగ్గర నోరు తెరుచుకుని వినేదాన్ని. ఇప్పుడు నాకు ఏనుగు కన్నా ఆ ముందు క్షణం ఇష్టం. సర్కస్ డేరా అంతా కేకలు వేస్తూ ఉంటుంది, ఆయన మాత్రం కళ్లు మూసుకుని నెమ్మదిగా గాలి నింపుకుంటూ ఉండి ఉంటారు కదా!

సరే, చూడడం నేర్పిందెవరో చెబుతానన్నాను. మా క్లాసు మేడ మీద. ఒక వానాకాలం కర్రి రంగు ఆడకుక్క ఒకటి మెట్లెక్కి వచ్చి, నీళ్ల ట్యాంకు కింద పొడి చోటు చూసుకుని పడుకుంది. ఎవరో తరమబోతే నేనే ఉండనీయమన్నాను. పేరు కూడా పెట్టలేదు, అందరూ "కర్రిది" అంటారు, అదే ఖాయమైపోయింది. రోజూ మేం మొదలుపెట్టే వేళకి అది నిద్ర లేస్తుంది. లేచి ఏం చేస్తుందో మీరు ఎప్పుడైనా కదలకుండా చూశారా? ముందరి కాళ్లు రెండూ బారజాపి, గోళ్లు నేలకి గుచ్చి, రొమ్ము కిందికి దింపి, నడుం పైకెత్తుతుంది. ఆవలిస్తుంది. ఆ ఆవలింత మెడ నుంచి తోక దాకా పాకుతుంది. తర్వాత ముందుకి జరిగి, వెనక కాళ్లు ఒక్కొక్కటే సాగదీస్తుంది. చివర్లో చెవుల దగ్గర మొదలుపెట్టి ఒళ్లంతా ఒక్క దులుపు దులిపి, నా వైపు చూస్తుంది, ఇక మీరు కానివ్వండి అన్నట్టు.

మన అధోముఖ శ్వానాసనం అక్కణ్ణుంచి వచ్చిందే. ఇప్పుడు మా వాళ్లు ఎలా చేస్తారో చెబుతాను. చేతులు ఆనిస్తారు, నడుం ఎత్తుతారు, వెంటనే తల తిప్పి పక్క చాప వైపు చూస్తారు, ఆవిడ మడమలు నేలకి ఆనాయా లేదా అని. ఆనాయి అనుకోండి, ఇక ఈవిడ పళ్లు బిగించి తన మడమలూ ఆనించేస్తుంది. వీపు గుండ్రంగా వంగిపోతుంది, భుజాలు చెవులకెక్కుతాయి, ఊపిరి ఆగిపోతుంది. తొడ వెనక కండరం బిగుతుగా ఉన్నవాళ్లకి మడమ దిగదమ్మా, దిగకపోయినా కొంప మునగదు. మోకాళ్లు కాస్త వంచండి. వేళ్లు విప్పి, చూపుడువేలి మొదలు కింద బరువు పెట్టండి, మణికట్టు మీద భారం తగ్గుతుంది. పొట్ట వదలండి. ఇంత చెప్పినా చేసేవాళ్లకి అర్థం కాదు. ఒక రోజు విసుగొచ్చి, అందరినీ ఆపి, కర్రిదాన్ని చూడమన్నాను. అది ఎవరితోనూ పోటీ పడదు. ఆవలిస్తూ సాగుతుంది, అంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది. ఆ రోజు ఇద్దరు ముగ్గురికి దక్కింది. నేను మాత్రం అప్పటి నుంచి మడమల్ని చూడడం మానేసి పక్కటెముకల్ని చూస్తున్నాను. నిద్రపోయే కుక్క డొక్క దగ్గర ఎప్పుడైనా ఊపిరి లెక్కపెట్టండి, ఆరోగ్యంగా ఉన్నదైతే నిమిషానికి ముప్ఫై లోపే ఉంటుంది. మా కర్రిదానికి ఒకసారి జ్వరం వస్తే అలాగే పట్టుకున్నాను, తిండి మానకముందే.

ఇక్కడ మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు నేల మీద చేయనక్కర్లేదు. వంటింటి గట్టు మీద రెండు చేతులూ పెట్టి, వెనక్కి నడిచి, నడుం నుంచి వంగండి. అదీ శ్వానాసనమే. కుక్కర్ విజిల్ వచ్చేలోపు అయిపోతుంది.

శిబిరాల సంగతికి వస్తాను. చలికాలంలో కళింగపట్నం దగ్గర పెడుతుంటాను, వంశధార సముద్రంలో కలిసే వైపు. విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి వస్తారు. రాగానే అడిగే మొదటి ప్రశ్న వైఫై ఉందా అని. ఫోన్లన్నీ ఒక వెదురుబుట్టలో వేయించుకుంటాం. ఆ బుట్ట మొదటి రోజంతా గుయ్యిమంటూనే ఉంటుంది, అటు పోయే ప్రతివాళ్ల కళ్లూ దాని మీదే. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం బెల్లం పులుసు, ఏదో ఒక ఆకుకూర. ఫొటోల్లో బీచ్ యోగా చాలా బాగుంటుంది కానీ పొడి ఇసుకలో చేతులు ఆనిస్తే అరచెయ్యి దిగబడి మణికట్టు మెలిపడుతుంది. అందుకని అల తీసిపోయాక గట్టిపడిన తడి ఇసుక మీద చేయిస్తాను, లేదంటే వరండాలోనే. ఎండెక్కితే ఆ సముద్రపు ఉక్కలో ప్రాణాయామం కూడా చేయలేం. అంత సరంజామా చేసినా ఎవరో ఒకరు, "ఇక్కడికొచ్చి కూడా పొద్దున్నే లేవాలా" అంటారు.

అక్కడ జాలరిపేట కుక్కలు ఉంటాయి. పడవలు ఎప్పుడొస్తాయో, వల దులిపితే ఏ చేప రాలుతుందో వాటికి మనకన్నా బాగా తెలుసు. పడవలు రాని వేళ మా దగ్గరికి వస్తాయి. అందరూ శవాసనంలో ఉండగా ఒక్కో పాదం వాసన చూసుకుంటూ పోయి, ఎవరి చాప అంచునో చుట్ట చుట్టుకుని పడుకుంటాయి. ఒకసారి బ్యాంకులో పనిచేసే ఆయన ఒకరు వచ్చారు. కుక్క కనబడితే చాలు, మనిషి కొయ్యబారిపోతారు. చిన్నప్పుడు కరిచిందట, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పొడిచారట. ఆ తరం భయం నాకు అర్థమవుతుంది. ఆ పాత వ్యాక్సిన్ తయారీ మన దేశంలో 2004 చివర్లో ఆపేశారు, కానీ ఆ పొట్ట మాత్రం మర్చిపోలేదు. నేను ఆయన్ని కుక్కని నిమరమనలేదు. అది వచ్చినప్పుడు మీ ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూసుకోండి, బయటికి వదిలే ఊపిరిని కాస్త పొడిగించండి అన్నాను. శిబిరం అయ్యేసరికి ఆయన కుక్కల ప్రేమికుడు అయిపోలేదు. ఇప్పటికీ భయమే. కాకపోతే పరిగెత్తడం మానేసి నిలబడగలుగుతున్నారు. నాకు అది చాలు.

శిబిరంలో ఒక పూట శాలిహుండం కొండ ఎక్కిస్తాను. వంశధార ఒడ్డున బౌద్ధ స్తూపాలున్న చోటు, పైనుంచి నది మలుపు కనిపిస్తుంది. మాట్లాడకుండా నడవాలని నియమం, సగం దూరం పాటిస్తారు. ఇంకోపూట శ్రీకూర్మం. గుళ్లో తాబేళ్లని పెంచుతున్నారు కదా. గీత రెండో అధ్యాయంలో, తాబేలు అవయవాల్ని లోపలికి ముడుచుకున్నట్టు ఇంద్రియాల్ని విషయాల నుంచి వెనక్కి తీసుకునేవాడు స్థితప్రజ్ఞుడు అని ఉంది. ఇది హాల్లో కూర్చోబెట్టి చెబితే తల ఊపుతారు. అక్కడ తాబేలు ముందు నిలబెట్టి చెబితే, అది నిజంగానే తల లోపలికి లాక్కుని, మళ్లీ ఎంతకీ బయట పెట్టకపోతే, అప్పుడు ఆ వెనక్కి తీసుకోవడం, అదే ప్రత్యాహారం, ఎంత ఓపికో తెలుస్తుంది. తాబేలుకి మాత్రం ఏ తొందరా లేదు. వెనక ఆటోవాడికే తొందర.

ఇక మీ కర్రల దగ్గరికి వస్తాను.

భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని మీకు తోచిందా? జనమేజయుడి యాగశాలలోకి సరమ అనే దేవశునకం కొడుకు ఆడుకుంటూ వస్తే, ఏ తప్పూ చేయని ఆ కుక్కపిల్లని రాజు తమ్ముళ్లు కొట్టి తరిమేస్తారు. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, మంచీ చెడూ చూడకుండా సాధువుల్నీ పేదల్నీ హింసించేవాళ్లకి కారణం తెలియని భయాలు వచ్చిపడతాయి అని చెప్పి పోతుంది. నన్నయ గారి చక్కటి కందపద్యం అది, మనలో చాలామంది బళ్లో వల్లెవేసిందే. చివర్లో మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, దీనికి చోటు లేదంటే ఆయన స్వర్గమే వద్దన్నాడు. నాకు ఇక్కడ నచ్చేదేమిటంటే, ఆ కుక్కని ఆయన పెంచలేదు, పేరు పెట్టలేదు. దారిలో వెంట వచ్చింది, అంతే.

పతంజలి యోగసూత్రాల్లో రెండు మాటలున్నాయి. అహింస పూర్తిగా కుదిరిన మనిషి సన్నిధిలో వైరం తనంతట తానే పోతుంది, అని ఒకటి. మనం ఇంకా అంతదాకా రాలేదు కాబట్టి కరిస్తే టీకా వేయించుకోండి. (నవ్వులు) నవ్వులాటకి కాదు, చెబుతున్నాను. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండకి వేసే టీకా అయితే, మొదటి డోసు రోజుని 0 అనుకుంటే, మామూలుగా 0, 3, 7, 14, 28 రోజుల్లో ఇస్తారు. గాయం లోతుగా ఉంటే అదనంగా ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేస్తారు. రెండు డోసులు వేయించుకుని బాగానే ఉన్నానని మానేయకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దక్కించుకోవడం దాదాపు అసాధ్యం.

రెండో సూత్రం మీకు రోజూ పనికొస్తుంది. సుఖంగా ఉన్నవాళ్ల పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల ముదిత అంటే సంతోషం, అపుణ్యుల పట్ల ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం. తోక ఊపుతూ వచ్చిన దానికి మైత్రి. గజ్జి పట్టి మూలన పడున్నదానికి కరుణ. మొరిగేదానికి? ఉపేక్ష! పాపం దానికి పాపమూ లేదు పుణ్యమూ లేదు, తన వీధి కాచుకుంటోంది. కళ్లలోకి గుచ్చి చూడకండి, కర్ర ఎత్తకండి, పరిగెత్తకండి. కాస్త పక్కకి తిరిగి నిలబడి ఊపిరి వదలండి. దాని చూపు సడలాక నెమ్మదిగా కదలండి. తోక ఊపిందల్లా స్నేహం కాదు కూడా. తోక నిటారుగా నిలిపి, ఒళ్లు బిగబట్టి ఊపుతుంటే దూరంగా ఉండండి. పిల్లల్ని ఈనిన తల్లి ఉన్న సందులోంచి కొన్నాళ్లు వెళ్లకండి, ఇంకో దారి చూసుకోండి.

(సభలోంచి ఒకరు: మీలాంటివాళ్లు అన్నం పెట్టబట్టే కుక్కలు పెరుగుతున్నాయి కదమ్మా?)

సగం నిజం బాబూ, కాదనను. ఆపరేషన్ లేకుండా అన్నం ఒక్కటే పెడితే పెరుగుతాయి. అందుకే 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వాటికి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. అది స్థానిక సంస్థ బాధ్యత. చెవి అంచు కత్తిరించి ఉందంటే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. కర్రిదానికీ ఉంది. అన్నం పెట్టే చోటు కూడా పిల్లలు ఆడుకునే దగ్గర, మెట్ల దగ్గర, గేట్ల దగ్గర ఉండకూడదని అవే నియమాలు చెబుతున్నాయి. నడక దారి మధ్యలో బిస్కెట్లు విసిరేసి ఫొటో తీసుకుని పోయేవాళ్లతో నాకూ గొడవే. రోజూ ఒకే వేళకి, ఒకే మూల, తిన్నాక విస్తరాకు తీసేయాలి. మిగిలిన ఉల్లిపాయ కూరలు పెట్టకండి, వాటికి పడదు.

(ఇంకొకరు: మా మనవడు హస్కీ జాతి కుక్క కావాలని ఒకటే పేచీ. కొనమంటారా?)

మన మే నెల ఎండలో దానికా బొచ్చు ఎందుకు తాతగారూ? ఏసీ గదిలో పెట్టి బంధిస్తారు, రెండేళ్లకి ఎవరికైనా ఇచ్చేద్దామంటారు. మా వీధి చివర టైర్ల షాపు వెనక నాలుగు పిల్లలున్నాయి, వాటిలో ఒకటి తీసుకోండి. ఎనిమిది వారాలు నిండనివ్వండి, అందాకా తల్లి దగ్గరే ఉండాలి. తర్వాత పార్వో, డిస్టెంపర్ అనే జబ్బులకి టీకాలు, మూడు నెలలకి రేబిస్ టీకా. మనవణ్ణి వెంటబెట్టుకుని ఓ సాయంత్రం రండి, చూపిస్తాను. కానీ రోజూ దాన్ని బయటికి తిప్పేది, గచ్చు కడిగేది ఎవరో ముందే తేల్చుకోండి. మనవడు మాత్రం కాదు. అందుకని ముందు మీ కోడలిని అడిగి రండి.